తాగుడుతో లివర్ పోయిన అన్నకు వదినే లివర్ ఇవ్వాలంటున్నారు. ఏం చేయాలి?

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అన్నకు 41 ఏళ్ళు. లారీ ట్రాన్స్‌పోర్టులో పని. చాలా ఏళ్ళుగా తాగుతాడు. ఈమధ్య పొద్దున లేస్తూనే క్వార్టరు పడకపోతే చేతుల వణుకు ఆగేది కాదు. సంక్రాంతి ముందు కళ్ళు పచ్చబడ్డాయి. మా అమ్మ కామెర్లని పసరు పోయించింది, చేతికి వాత కూడా పెట్టించింది. పొట్ట ఉబ్బింది, కాళ్ళు వాచాయి. ఒక రాత్రి బక్కెట్లో రక్తం కక్కుకున్నాక పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఎండోస్కోపీ చేసి, లోపల ఉబ్బిన నరాలకు రబ్బరు బ్యాండ్లు వేసి రక్తం ఆపారు. సిర్రోసిస్ అని తేల్చారు. తర్వాత హైదరాబాద్‌లో చూపిస్తే, మెల్డ్ స్కోరు (లివర్ ఎంత చెడితే అంత పెరిగే అంకె) 24 ఉంది, ముందు తాగుడు పూర్తిగా మానాలి, అయినా కోలుకోకపోతే మార్పిడి ఒక్కటే దారి, ఇంట్లో ఎవరిస్తారో ఆలోచించుకోండి అన్నారు.

అంతే, అందరి చూపూ వదిన మీద పడింది. ఆమెకు 34. ఇద్దరు పిల్లలు, చిన్నోడు ఒకటో తరగతి. ఆమెది ఓ పాజిటివ్. ‘నీ పసుపు కుంకుమలు నువ్వే కదమ్మా కాపాడుకోవాల’ అంటోంది మా అమ్మ. వదిన ‘సరే అత్తా’ అంది, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ ‘సరే’ విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆమె మా అన్న చేతిలో పడిన దెబ్బలు నాకు తెలుసు. మోచేయి విరిగినప్పుడు మెట్ల మీద జారిపడ్డానని డాక్టరుకు చెప్పుకుంది.

మా అన్న చావకూడదు. వదినకు అన్యాయం జరగకూడదు. నేనే ఇద్దామంటే మా ఆయన ఒప్పుకోవడం లేదు. అసలు తాగేవాళ్ళకు లివర్ మారుస్తారా? ఆరు నెలలు మానితేనే చేస్తారని ఒకరు, అదేం లేదని ఒకరు చెప్తున్నారు. వదినను ఎవరైనా విడిగా అడుగుతారా? తెలిసినవాళ్ళు చెప్పండి.


పొద్దుటూరు_బాబాయ్ (కడప జిల్లా)

తల్లీ, నీ బాధ అర్థమైంది. నా మాట కటువుగా ఉంటే ఏమనుకోవద్దు.

నా భార్యకు హెపటైటిస్ బి వల్ల లివర్ పోయింది. చుక్క ముట్టిన మనిషి కాదు. నాకు షుగరు, పిల్లలకు గ్రూపు కలవలేదు. చనిపోయినవాళ్ళ అవయవాలు వరుసలో ఇచ్చే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించి ఎదురుచూశాం. ఫోను మోగినప్పుడల్లా ఆసుపత్రి నుంచేమోనని పరుగెత్తేవాణ్ణి. ఆ పిలుపు రాకముందే ఆమె పోయింది. ఆ లిస్టులో ఆమెకంటే ముందు ఎంతమంది తాగినోళ్ళున్నారో నాకు తెలియదు. కానీ ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు. బ్రెయిన్ డెడ్ అయిన కొడుకును చూసి గుండెలు బాదుకుంటూ తల్లిదండ్రులు ఇచ్చిన లివరు, తన లివరును తనే కాల్చుకున్నవాడికి పోతే అది న్యాయమా? నాకైతే కాదనే అనిపిస్తుంది.


గ్యాస్ట్రో_జూనియర్ (సొంతూరు కడప)

బాబాయ్, మీకు జరిగినదానికి చాలా బాధగా ఉంది. మీరు అడిగింది ఈ వైద్యం మొదలైనప్పటి నుంచి డాక్టర్లు కూడా అడుగుతున్నదే. నేను గ్యాస్ట్రో ట్రైనింగులో ఉన్నాను. అక్కా, మీ అన్న రిపోర్టులు చూడలేదు కాబట్టి పొడుగ్గానే అయినా జాగ్రత్తగా చెప్తా.

మనిషికి మొదటిసారి లివర్ మార్చింది 1963లో, అమెరికాలో థామస్ స్టార్జ్‌ల్. ఆ పేషెంటు బతకలేదు. ఏడాదికి మించి బతికిన మొదటి కేసు 1967లో. చాలాకాలం తాగేవాళ్ళను దూరం పెట్టారు, ఎలాగూ మళ్ళీ తాగుతారు అని. 1988లో స్టార్జ్‌ల్ బృందమే తమ లెక్కలు బయటపెట్టింది. తాగుడు వల్ల లివర్ పోయినవాళ్ళు కూడా మార్పిడి తర్వాత మిగతావాళ్ళలాగే బతుకుతున్నారని తేలింది. 1991లో ఇద్దరు అమెరికా డాక్టర్లు, మాస్, సీగ్లర్, ‘బతుకుతారు సరే, కానీ లివర్లు తక్కువున్నప్పుడు వీళ్ళను వరుసలో వెనక పెట్టాలి’ అని వాదించారు. బాబాయ్ మాట అదే. దానికి అప్పుడే జవాబులూ వచ్చాయి. ఆసుపత్రి మనిషి జబ్బు చూడాలి కానీ నడవడికకు మార్కులు వేయకూడదు అన్నది అందులో ముఖ్యమైనది. తిండి అదుపులో లేక షుగరు, ఫ్యాటీ లివర్‌తో వచ్చినవాణ్ణి మనం ఆ ప్రశ్న అడగం. పైగా బాగా తాగేవాళ్ళలో సిర్రోసిస్ వచ్చేది పదింట ఒకరికో ఇద్దరికో. అంతే తాగిన పక్కింటాయన లివర్ బాగానే ఉంటుంది. జన్యువులూ, ఒంటి బరువూ, షుగరూ అన్నీ కలుస్తాయి. తప్పు కొలవడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో ఎవరికీ తెలియదు.

ఇక ఆరు నెలల మాట. దానికి రెండు కారణాలు. తాగుడు ఆపితే లివర్ ఎంత కోలుకుంటుందో చూడటం మొదటిది. ఇది నిజంగా పనికొచ్చే కారణం. మొదటి మూడు నెలల్లోనే చాలామందికి తేడా కనిపిస్తుంది. పొట్టలో నీరు తగ్గి మార్పిడి అవసరమే లేకుండా పోయినవాళ్ళున్నారు. రెండోది, ఆగగలడా లేదా అని పరీక్ష పెట్టడం. దీనికి ఆరు నెలలు అన్న అంకె అంత నమ్మదగ్గ కొలత కాదు. అందుకే కొన్ని సెంటర్లు మూడు నెలలంటాయి, కొన్ని ఆరంటాయి, కొన్ని మనిషిని బట్టి చూస్తాయి.

ఎదురుచూసే టైము లేనివాళ్ళు ఉంటారు. తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్‌లో, అంటే తాగుడు వల్ల లివర్ వాచిపోయినప్పుడు, స్టెరాయిడ్లు ఇచ్చి ఏడో రోజు లెక్క చూస్తాం. మందు పనిచేయలేదంటే వాళ్ళలో ఎక్కువమంది ఆరు నెలలు దాటరు. అలాంటివాళ్ళకు ఆరు నెలలు మానిరా అని చెప్తే, పొమ్మన్నట్టే. ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు అలాంటి 26 మందికి ఎదురుచూడకుండా లివర్ మార్చి, 2011లో ఆ లెక్కలు బయటపెట్టారు. ఆరు నెలలకు 77 శాతం బతికున్నారు. మార్పిడి జరగని అలాంటి రోగుల్లో బతికింది 23 శాతమే. ఆ 26 మందిలో తర్వాత మళ్ళీ తాగింది ముగ్గురు. కాకపోతే వాళ్ళను చాలా వడపోసి ఎంచారు. లివర్ జబ్బు బయటపడటం అదే మొదటిసారి కావాలి, ఇంటివాళ్ళు గట్టిగా అండగా నిలవాలి, వైద్యబృందంలో అందరూ ఒప్పుకోవాలి.


పొద్దుటూరు_బాబాయ్

డాక్టరు బాబూ, వివరంగా చెప్పావు. కానీ ఆ వడపోత మన దగ్గర ఎవరు చేస్తారు? డబ్బు కట్టగలిగినోడు నిలబడతాడు, అంతే కదా. ఉత్తర ఐర్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్‌కు 2002లో లివర్ మార్చారు. మళ్ళీ తాగాడు. 2005లో పోయాడు. ఎవరో చనిపోతూ ఇచ్చిన లివర్ అది. దానికి ఏం సమాధానం?


గ్యాస్ట్రో_జూనియర్

ఆయన కేసు దాచేది కాదు బాబాయ్. మార్పిడి తర్వాత ఏదో ఒక స్థాయిలో మళ్ళీ మందు ముట్టేవాళ్ళు దాదాపు ఐదుగురిలో ఒకరు ఉంటారు. ఒంటికి చేటయ్యేంతగా తాగేవాళ్ళు అంతకంటే తక్కువ. నలుగురు మానేసి బతుకుతున్నారని కూడా దానర్థం. వాళ్ళు పేపర్లో కనిపించరు.

వడపోత విషయంలో మీ అనుమానం సబబే. సైకియాట్రిస్టు ఒకసారి చూసి సంతకం పెట్టి పంపేచోట్లు ఉన్నాయి. అది సరిపోదు. పెత్ అనే రక్తపరీక్ష ఉంది, గత రెండు మూడు వారాల్లో తాగిందీ లేనిదీ చెప్పేస్తుంది. అది చేయిస్తున్నారా అని ఇంటివాళ్ళే అడగొచ్చు. పేషెంటును పట్టించడానికని అనుకోవద్దు. ఇచ్చేవాళ్ళ ఒళ్ళు కోసేముందు తెలుసుకోవాల్సిన సంగతి అది.

ఇంకోమాట. మీరు చెప్పిన న్యాయం ప్రశ్న చనిపోయినవాళ్ళు ఇచ్చే లివర్ గురించి. మన దేశంలో ఎక్కువ లివర్ మార్పిడులు బతికున్నవాళ్ళు ఇచ్చిన ముక్కతోనే జరుగుతాయి. 1998లో ఢిల్లీలో మన దేశపు మొదటి విజయవంతమైన మార్పిడి కూడా ఒక తండ్రి తన పసివాడికి ఇచ్చిన ముక్కతోనే. కాబట్టి మన దగ్గర అసలు ప్రశ్న ఇంట్లో ఎవరి పొట్ట కోస్తాం అన్నది. ఇచ్చేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ, తీసుకునేవాళ్ళలో మగవాళ్ళు ఎక్కువ. అక్క ఇంట్లో జరుగుతున్నది అదే.


హంద్రీ_ఒడ్డు

డాక్టరు గారూ, ఇచ్చేవాళ్ళకు ఏమవుతుందో కూడా చెప్పండి. మా బంధువులు ‘చిన్న ముక్కే, మళ్ళీ పెరుగుతుంది’ అని తేలిగ్గా తీసేస్తున్నారు.


గ్యాస్ట్రో_జూనియర్

పెరుగుతుంది, అది నిజం. రెండు మూడు నెలల్లో దాదాపు మునుపటి సైజుకు వస్తుంది. కానీ చిన్న ముక్క కాదు. పెద్దవాళ్ళకు ఇవ్వాలంటే మామూలుగా కుడివైపు భాగం తీస్తారు, అంటే మొత్తంలో సగానికి పైనే, 60 శాతం దాకా. గాల్ బ్లాడరు కూడా తీసేస్తారు. ఆపరేషన్ గంటల తరబడి సాగుతుంది. ఇచ్చినవాళ్ళు చనిపోయే ప్రమాదం కుడి భాగానికి 200 నుంచి 500 మందిలో ఒకరు అని చెప్తారు. పైత్యరసం కారడం, ఇన్ఫెక్షన్, కుట్ల దగ్గర హెర్నియా లాంటివి అంతకంటే చాలా ఎక్కువగా వస్తాయి. ఇచ్చేవాళ్ళ లివర్లో కొవ్వు ఎక్కువుంటే తీసుకోరు. వాళ్ళ దగ్గర మిగిలేది కనీసం 30 శాతం ఉండాలి. పిల్లలు కావాలనుకునేవాళ్ళు కొన్నాళ్ళు, మామూలుగా ఏడాది, ఆగమంటాం.

కిడ్నీ పోతే డయాలిసిస్‌తో ఏళ్ళు నెట్టుకురావచ్చు. లివర్‌కు అలాంటి యంత్రం లేదు. అందుకే ఇళ్ళలో ఇంత తొందర, ఇంత ఒత్తిడి.


పెన్నేటి_పిల్ల (కడప)

నేను మా నాన్నకు లివర్ ఇచ్చాను. నాకప్పుడు 23. ఎవరూ బలవంతం చేయలేదు. ఇప్పుడు అడిగినా ఇస్తాను. అక్కా, ఇది చదివి ఎవరూ భయపడొద్దు. కానీ నాకు ముందు ఎవరూ చెప్పని సంగతులు కొన్ని రాస్తాను.

కుట్ల కింద అరచేయంత మేర ఇప్పటికీ తిమ్మిరిగా ఉంటుంది, అక్కడ చీర కుచ్చిళ్ళు దోపుకున్నా తెలియదు. మొదటి వారం దగ్గు వస్తే ప్రాణం పోయినట్టుండేది, దిండు పొట్టకు అదుముకుని దగ్గేదాన్ని. ఐసీయూ నుంచి బయటికొచ్చేసరికి చుట్టాలంతా నాన్న మంచం చుట్టూ ఉన్నారు. నేను బాత్రూముకు పోవడానికి నర్సమ్మ చేయి పట్టుకుంది. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. కోత సంగతి ముందే చెప్పాలని నేను, పెళ్ళయ్యాక చూద్దామని అమ్మ.

ఆపరేషన్ తర్వాత మా నాన్న ఇప్పటిదాకా మళ్ళీ తాగలేదు. కానీ ఆయన ఆలస్యంగా ఇంటికొస్తే, గుమ్మంలో చెప్పులు విడిచేలోపే దగ్గరికి పోయి ఊపిరి వాసన చూస్తాను. ఆయనకు తెలుసు. ఏమీ అనడు, నోరు తెరిచి నిలబడతాడు. తండ్రిని అలా నిలబెట్టడం నాకు ఎంత కష్టంగా ఉంటుందో చెప్పలేను. ఆపరేషన్ ఒక్కరోజుతో అయిపోతుంది, ఈ కాపలా మాత్రం రోజూ ఉంటుంది.


ధర్మవరం_మగ్గం

నేను ఇవ్వలేదు.

ఈ మాట బయట ఎక్కడా చెప్పలేదు. ఇక్కడ పేరు లేదు కాబట్టి రాస్తున్నా. మా ఆయన పట్టుచీరలు నేసేవాడు. చేయి మంచిది. తాగుడు మొదలయ్యాక మగ్గం మీది చీర సగంలో ఉండగానే అడ్వాన్సు తాగేసేవాడు. మిగతా సగం నేను నేసి ఇచ్చేదాన్ని. లివర్ పోయాక బెంగళూరు తీసుకుపోయాం. మా అత్తామామలు ‘కోడలుంది కదా’ అని డాక్టర్లకు నాకంటే ముందు వాళ్ళే చెప్పేశారు.

టెస్టులన్నీ అయ్యాక ఒక డాక్టరమ్మ నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. మా మరిది వెంట వస్తుంటే బయట కూర్చోమంది. తలుపు వేసి, ‘నీకు ఇష్టమేనా? ఇష్టం లేకపోతే ఆ మాట ఈ గది దాటదు. సరిపోలేదని మాత్రం చెప్తాం’ అంది. నాకు అప్పటికి అన్నేళ్ళ కాపురంలో ఇష్టమా అని అడిగిన మొదటి మనిషి ఆమె. చాలాసేపు ఏడ్చి, ఇష్టం లేదన్నాను. నాకు ఆడపిల్ల ఉంది. నాకేమన్నా అయితే దాన్ని ఆ ఇంట్లో వదిలిపెట్టలేను.

మా ఆయన నాలుగు నెలలకు పోయాడు. ఆ నాలుగు నెలలూ పొట్టలో నీళ్ళు తీయించడానికి తీసుకుపోయింది నేను, ఒళ్ళు తుడిచింది నేను, రాత్రి మతి తప్పి లేచి వీధిలోకి పోతుంటే పట్టుకొచ్చింది నేను. ఎవరో ఊహించి చెప్పారేమో, తర్వాత మా వాళ్ళు మొగుణ్ణి చంపుకుందన్నారు. అననీ. ఆ రోజు మళ్ళీ వచ్చినా అదే చెప్తాను.

హంద్రీ అమ్మా, మీ వదినను ఆ గదిలోకి ఒంటరిగా పోనివ్వు. నువ్వు చేయగలిగింది అదే. నువ్వు కూడా లోపలికి పోవద్దు.


పొద్దుటూరు_బాబాయ్

ధర్మవరం తల్లీ, నీకు దండం.


అడ్మిన్

ఈ చర్చలో డబ్బుకు లివర్ ఇచ్చేవాళ్ళను చూపిస్తామంటూ ఫోన్ నంబరుతో వచ్చిన పోస్టును తీసేశాం, ఆ ఖాతాను కూడా. దయచేసి ఎవరూ అలాంటివాళ్ళకు మెసేజ్ పెట్టొద్దు. కష్టంలో ఉన్న కుటుంబాల మీదే వీళ్ళు వాలుతారు.


నల్లకోటు_అనంతపురం

అడ్మిన్ గారు తీసేసి మంచి పని చేశారు. అవయవాల మార్పిడికి 1994లో కేంద్రం చట్టం చేసింది, 2011లో సవరించారు, 2014లో నిబంధనలు వచ్చాయి. అవయవం అమ్మినా, కొన్నా, బేరం కుదిర్చినా 5 నుంచి 10 ఏళ్ళ జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. కొన్నవాళ్ళు ‘ప్రాణం మీదికొచ్చి కొన్నాం’ అంటే కుదరదు.

దగ్గరి బంధువులంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తాత అవ్వలు, మనవళ్ళు మనవరాళ్ళు. వీళ్ళు కాక ఇంకెవరు ఇవ్వాలన్నా ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి. బామ్మర్ది, మేనల్లుడు కూడా ఆ కమిటీ ముందుకు పోవాల్సిందే. 18 ఏళ్ళు నిండనివాళ్ళ జోలికి పోకూడదు.

మేడమ్, మీకు అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇచ్చేది ఆడమనిషి అయితే ఇంకా ఎక్కువ జాగ్రత్త తీసుకోవాలని, ఆమె స్వతంత్రంగానే ఒప్పుకుందని అవయవం తీసుకునే మనిషి కాకుండా వేరొకరు ధ్రువీకరించాలని 2014 నిబంధనల్లోనే రాసి ఉంది. ఈ దేశంలో ఇళ్ళు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళే రాసుంటారు. మీరు ఆసుపత్రిలో ఈ మాట ధైర్యంగా ఎత్తండి. మత్తు ఇచ్చే నిమిషం వరకూ ఆమె వద్దనొచ్చు, సంతకం పెట్టేశావు కదా అని ఎవరూ అనడానికి లేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ప్రైవేటులో ఈ ఆపరేషన్ 20 లక్షలు దాటుతుంది, తర్వాత మందులు జీవితాంతం. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. ఆరోగ్య బీమా పాలసీల్లో మద్యం అలవాటుకూ, దానివల్ల వచ్చే జబ్బులకూ వర్తించదన్న మినహాయింపు సాధారణంగా ఉంటుంది. చేను తాకట్టు పెట్టాక క్లెయిం తిరస్కరించారని నా దగ్గరికి వచ్చినవాళ్ళున్నారు. ముందే లిఖితపూర్వకంగా అడగండి. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు చేయండి. చెన్నైలో స్టాన్లీ, హైదరాబాద్‌లో ఉస్మానియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా లివర్ మార్పిడులు జరిగాయి, మన రాష్ట్రం వాళ్ళను ఏ పద్ధతిలో తీసుకుంటారో అక్కడే కనుక్కోండి.

1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో ఎత్తివేత, అన్నీ చూశాను. సీసా అమ్మి ప్రభుత్వం పన్ను తీసుకుంటుంది. ఆ సీసా తాగి మంచాన పడ్డవాడి కుటుంబానికి మాత్రం ఏ దారీ ఉండదు. నాకు కోపం వచ్చేది అక్కడే.


వార్డు_అక్క (అనంతపురం)

స్టాఫ్ నర్సుగా చాలా ఏళ్ళుగా మెడిసిన్ వార్డులో చేస్తున్నా. మార్పిడి దాకా పోయేలోపు ఇంట్లో జరిగే పొరపాట్లతోనే చాలామంది పోతున్నారు. అందుకే ఇది రాస్తున్నా.

రోజూ తాగేవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి ఒక్కసారిగా మాన్పించొద్దు. రెండో రోజో మూడో రోజో ఫిట్స్ రావచ్చు, గోడల మీద పురుగులు పాకుతున్నాయని అరవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. ఆసుపత్రిలో పెట్టి, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇస్తూ మాన్పించాలి. తెలియకుండా అన్నంలో కలిపే ‘మాన్పించే మందు’ అసలే వద్దు. లివర్ చెడినవాళ్ళకు ఆ మాత్రలు విషం. సిర్రోసిస్ ఉన్నా ఇవ్వగలిగిన మందులు వేరే ఉన్నాయి, అవి సైకియాట్రిస్టు రాస్తారు. పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. మానసిక సమస్యలకు టెలీ మానస్ నంబరు 14416, మత్తు అలవాట్లకు 14446. రెండూ ఉచితం.

కామెర్లని పప్పు, గుడ్డు మాన్పించేస్తారు మనవాళ్ళు. చప్పిడి గంజితో కండంతా కరిగిపోయి వస్తారు పేషెంట్లు, భుజాల ఎముకలు బయటపడి, పొట్ట మాత్రం కుండలా ఉంటుంది. తగ్గించాల్సింది ఉప్పు. ఊరగాయ, అప్పడం, చట్నీ పొడులు బంద్. పప్పు, గుడ్డు, పెరుగు పెట్టండి. రాత్రి పడుకునే ముందు తప్పకుండా ఏదో ఒకటి, రాగి జావో రెండు ఇడ్లీలో తినిపించండి. ఒళ్ళు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకోకూడదు, కిడ్నీలు పోతాయి. నిద్రమాత్రలు కూడా వద్దు. లాక్టులోజ్ సిరప్ ఇచ్చుంటే రోజుకు రెండు మూడుసార్లు విరేచనం అయ్యేలా చూడాలి. పగలు నిద్ర, రాత్రి మెలకువ, చేతులు చాపితే తటతటలాడటం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.


ఆదోని_కొత్తబతుకు

అందరూ చదివి, అందరూ రాశారు. ఒక్కరూ అడగలేదు. మీ అన్న ఏమంటున్నాడమ్మా?

నేను తాగుబోతును. మానేసి చాలాకాలమైనా అలాగే చెప్పుకుంటాను. సరిహద్దు ఊళ్ళలో కర్ణాటక మందు ప్యాకెట్లు ఎంత తేలిగ్గా దొరుకుతాయో మాకు తెలుసు. నాకు మా చెల్లెలు లివర్ ఇచ్చింది. పొద్దున తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి మాత్ర, తప్పకూడదు. తప్పితే ఒళ్ళు ఆ లివర్‌ను పరాయిదని తోసేస్తుంది.

లివర్ మారితే తాగుడు జబ్బు మారదు. ఆపరేషన్ తర్వాత ఇంటికొచ్చిన మొదటి నెలలోనే జీతాల రోజు సాయంత్రం నోట్లో నీళ్ళూరాయి. చెల్లెలు ఇచ్చిన లివర్ లోపల ఉంది, అయినా ఊరాయి. ఆ రాత్రి నన్ను నిలబెట్టింది ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో నా తోటి మనిషి. ఫోన్ చేస్తే వచ్చి తెల్లారేదాకా నాతో కూర్చున్నాడు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు మొదలుపెట్టిన సంఘం అది. ఇప్పుడు తెలుగులోనూ మీటింగులు జరుగుతాయి. డబ్బు కట్టక్కర్లేదు.

బాబాయ్ గారూ, మీ కోపం నాకు అర్థమవుతుంది. నాకు అర్హత ఉందా అని నన్ను నేను రోజూ అడుగుతాను. జవాబు లేదు. ఇచ్చింది కాబట్టి కాపాడుకోవాలి, అంతవరకే నాకు తెలుసు.

అమ్మా, మీ అన్నకు మతి సరిగా ఉన్న పూట ఎదురుగా కూర్చుని అడుగు. వదిన పొట్ట కోసి తీసేదాని గురించి, 200 నుంచి 500 మందిలో ఒకరు పోవచ్చన్న సంగతి గురించి చెప్పు. అప్పుడు ఆయన నోట ఏం వస్తుందో విను. నన్ను మా చెల్లెలి ముందే డాక్టరు ఆ ప్రశ్న అడిగాడు. తాగుడు మానడానికి నేను నిజంగా మొదలుపెట్టింది అప్పుడే.


హంద్రీ_ఒడ్డు

మీరు అడిగాక ఆలోచిస్తే, నిజమే, ఆయన్ను ఎవరూ అడగలేదు. ఈ ఆదివారం అడుగుతాను. ధర్మవరం అక్కా, మీరు రాసింది ఎన్నిసార్లు చదివానో. మీ పేరు తెలియకపోయినా మీరు నాకు అక్కే.


పొద్దుటూరు_బాబాయ్

ఆదోని నాయనా, నా ఉద్దేశం పూర్తిగా మారిందని అబద్ధం చెప్పను. చనిపోయినవాళ్ళ లివర్ దగ్గరికి వచ్చేసరికి నా భార్య మొహమే కనిపిస్తుంది. కానీ నీ చెల్లెలు ఇచ్చిన లివర్ మీద మాట్లాడే హక్కు నాకు లేదు. అది ఆమెది. మాత్రలు మానొద్దు.


హంద్రీ_ఒడ్డు (మూడు నెలల తర్వాత)

చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

అన్నను అడిగాను. మొదట అరిచాడు, నన్ను చంపాలని చూస్తున్నారా అన్నాడు. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత అమ్మను పిలిచి ‘దాన్ని అడగొద్దు’ అన్నాడు. వదిన వైపు చూడలేదు. పెద్దాసుపత్రిలో చేర్పించి, సైకియాట్రీ వాళ్ళ పర్యవేక్షణలో తాగుడు ఆపించాం. ఒకసారి జారాడు, పెత్ పరీక్షలో బయటపడింది. మళ్ళీ మొదటి నుంచి లెక్క.

హైదరాబాద్‌లో కోఆర్డినేటరును కలిసినప్పుడు నల్లకోటు గారు చెప్పిన నిబంధన ఎత్తాను. వదినను ఒంటరిగా లోపలికి పిలిచారు. నేను, అమ్మ బయట బెంచీ మీద కూర్చున్నాం. చాలాసేపటికి వచ్చింది. ఆమె లివర్ సరిపోదని డాక్టరు మాతో చెప్పారు. అమ్మ ‘ఎందుకు సరిపోదు’ అని అడగబోతే నేను చేయి పట్టుకుని ఆపాను. నేనైతే అడగలేదు, అడగను. ఇంటికొచ్చాక వదిన టైలరింగ్ మిషన్ బయటికి తీసి నూనె వేసుకుంది, వీధిలో జాకెట్లు కుడుతోంది.

మా ఆయనతో ఇంకా మాటలు నడుస్తున్నాయి. నా టెస్టులకు మాత్రం ఒప్పుకున్నాడు. జీవన్‌దాన్‌లో అన్న పేరు ఆసుపత్రి వాళ్ళే నమోదు చేశారు. జారిన తర్వాత నుంచి మళ్ళీ ముట్టలేదు. మెల్డ్ 24 నుంచి 17కు దిగింది, నీళ్ళు తీయించాల్సిన పని తగ్గింది. ఇలాగే సాగితే మార్పిడి తొందర ఉండకపోవచ్చు, మూడు నెలలాగి మళ్ళీ చూద్దాం అన్నారు.

వార్డు అక్కా, ఒక సందేహం. నిన్నటి నుంచి కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉంది, పొట్టలో లాగుతున్నట్టుంది అంటున్నాడు. పారాసిటమాల్ వేసి చూడమంటారా?


వార్డు_అక్క

వద్దమ్మా, ఇంట్లో చూడొద్దు. పొట్టలో నీరున్న మనిషికి జ్వరం, నొప్పి వచ్చాయంటే ఆ నీళ్ళకే ఇన్ఫెక్షన్ వచ్చుండొచ్చు. ఈ రాత్రికే క్యాజువాలిటీకి తీసుకుపో, తెల్లారేదాకా ఆగొద్దు. నీళ్ళు కొంచెం తీసి పరీక్షకు పంపమని అడుగు. పాత రిపోర్టుల ఫైలు, వాడుతున్న మందుల చీటీ వెంట పెట్టుకో. చేర్చుకున్నాక ఇక్కడ ఒక మాట రాయి.


హంద్రీ_ఒడ్డు

ఆటో మాట్లాడాం. వదిన ఫైలు తీసుకుని ముందే ఎక్కి కూర్చుంది. బయల్దేరుతున్నాం.